తొమ్మిదీ పదిహేడుకు వచ్చిన పిల్ల

బడుల్లో పిల్లల భద్రత కోసం కొత్త చట్టం తెస్తున్నారనీ, ముసాయిదా మీద ఎవరైనా సూచనలు చెప్పవచ్చనీ పేపర్లో చదివాను. బందరులో మా వీధి చివరి జెరాక్స్ షాపులో దాని కాపీ తీయించుకున్నాను. ఇరవై ఆరు పేజీలు. పాత అలవాటు కొద్దీ స్కేలు పెట్టుకుని ఒక్కో లైనూ చదివితే రెండు రోజులు పట్టింది. ప్రహరీ గోడ ఎంత ఎత్తుండాలో ఉంది. కెమెరాలు ఎక్కడ పెట్టాలో ఉంది. బయటివాళ్ళు వస్తే ఏ పుస్తకంలో సంతకం పెట్టాలో ఉంది. బడి వేళల్లో గేటుకు తాళం వేసి ఉంచాలని ఉంది. గేటు అనే మాట పదకొండు చోట్ల వచ్చింది. గేటు బయట నిలబడ్డ పిల్ల గురించి ఒక్క ముక్క లేదు. రెండోసారి మొదటి నుంచి చూశాను. లేదు.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో పనిచేశాను. ఆఖరి ఆరేళ్ళు దివిసీమలో కాలవ గట్టు మీదున్న ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని. మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. రోజూ పడుకోబోయే ముందు తేదీ వేసి నాలుగు లైన్లు రాయడం ఆయన నేర్పిందే. పదకొండో ఏట మొదలుపెట్టి ఇంతవరకు ఒక్కరోజు మానలేదు. తొమ్మిదేళ్ళ కిందటి ఒక రోజుకి నా డైరీలో ఉన్నది ఇది: "జూలై 14, గురువారం. వాన లేదు. ఎనిమిదో తరగతి విద్యార్థిని కాలవలో పడి మరణం. బడికి సెలవు ఇచ్చాను."

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ రాయాల్సింది ఇది కాదు.

మా బడికి ఏటి అవతల లంక నుంచి పద్నాలుగు మంది పిల్లలు వచ్చేవారు. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన పంటు మీద ఏరు దాటి, రేవు నుంచి రెండు కిలోమీటర్లు నడిచి రావాలి. పంటు ఎనిమిదీ ఇరవైకి బయల్దేరితే తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు బళ్ళో ఉంటారు. ఇంజను మొరాయించినా, ఇవతలి ఒడ్డున మోటారు సైకిళ్ళు ఎక్కించడం ఆలస్యమైనా, ఆ లెక్క తప్పుతుంది. రేవు దగ్గర ఎప్పుడూ బురదే. వానాకాలం మోకాళ్ళ దాకా దిగబడేది. అందుకని లంక పిల్లలు రాగానే ముందు కుళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కునేవారు. కుళాయి గేటుకి లోపల, కుడి చేతి వైపున ఉండేది.

ఆ పిల్ల వాళ్ళలో ఒకతె. లెక్కల పోస్టు ఖాళీగా ఉన్నందువల్ల ఏడో తరగతి నుంచీ ఆ క్లాసు లెక్కలూ, హాజరు రిజిస్టరూ నేనే చూసుకునేదాన్ని. సన్నగా, పొడుగ్గా ఉండేది. లెక్కల్లో చురుకేమీ కాదు. కానీ తప్పు చేస్తే కొట్టేయకుండా పక్కనే మళ్ళీ చేసి చూపించేది. ఏడో తరగతిలో ఒకసారి ఆలస్యంగా వచ్చింది. ఎందుకని అడిగితే తల వంచుకునే చెప్పింది.

"ఏటికి మన టైంటేబులు తెలీదండి."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. నా గడియారం చూసి రేడియోవాళ్ళు టైము చెప్తారని మా అటెండరు పిల్లలతో అనేవాడట. నా వెనక అనుకునేవన్నీ నాకు తెలుసు. కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ ఏడాది జూన్‌లో పై నుంచి ఒక కాగితం వచ్చింది. ఎక్కడో తాగినవాడెవడో బళ్ళోకి వచ్చి గొడవ చేశాడట. మొదటి గంట కొట్టిన పది నిమిషాలకు గేటుకి తాళం వేయాలనీ, బయటివాళ్ళను విచారించకుండా లోపలికి రానీయకూడదనీ ఆ కాగితం సారాంశం. ఒకటే పేజీ. ఆ కాగితం రాసింది తాగుబోతుల కోసం. దానికి నేను నా సొంత లైను ఒకటి చేర్చాను: ఆలస్యంగా వచ్చిన పిల్లలు మొదటి పీరియడు అయ్యేదాకా, అంటే తొమ్మిదీ యాభై ఐదు దాకా, గేటు బయటే ఉండాలి. ఆ తర్వాత స్లిప్పు రాయించుకుని రావాలి. స్టాఫ్ మీటింగులో చెప్పి అందరి చేతా సంతకాలు పెట్టించాను. ఆలస్యాలు మూడు వారాల్లో సగానికి తగ్గాయి. ఆ లెక్క కూడా రాసి పెట్టుకున్నాను.

జూలై పద్నాలుగున పంటు ఎనిమిదీ యాభై ఒకటికి బయల్దేరింది. ఇది నేను తర్వాత పంటువాళ్ళను అడిగి తెలుసుకున్నది. మిగతా లంక పిల్లలు, ఎలాగూ గేటు వేసేస్తారని, వచ్చిన పంటు మీదే వెనక్కి వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఒక్కతే పరుగెత్తింది. రెండు కిలోమీటర్లు, బురద కాళ్ళతో, సంచితో.

ప్రార్థన అయ్యాక రిజిస్టరు పట్టుకుని క్లాసు వైపు వెళ్తున్నాను. అటెండరు గేటు దగ్గర నుంచి గబగబా వచ్చాడు.

"మేడంగారూ, లంక నుంచి మన ఎనిమిదో క్లాసు పిల్ల వచ్చింది. పంటు లేటయిందని మీకు చెప్పమందండి. తీయమంటారా?"

"టైమెంతయింది?"

అతను గోడ గడియారం వైపు చూశాడు. "తొమ్మిదీ పదిహేడండి."

"మరి?" అన్నాను.

అంతే అన్నాను. అతను ఒక క్షణం నిలబడి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నేను క్లాసులోకి వెళ్ళి పేర్లు పిలిచాను. ఆ పిల్ల పేరు పిలిచి, జవాబు కోసం ఆగి, ఆబ్సెంటు వేశాను. ఆ పిల్ల అక్కడికి నలభై గజాల దూరంలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు.

ఆ పిల్ల కాళ్ళు కడుక్కోవడానికి గేటు ఎదురుగా ఉన్న మెట్ల మీదుగా కాలవలోకి దిగింది. గేటు తీసేసరికి శుభ్రంగా ఉందామనుకుని ఉంటుంది. బురద కాళ్ళతో క్లాసులోకి వస్తే నేను ఒప్పుకునేదాన్ని కాదు. సంచి గేటు స్తంభానికి ఆనించి ఉంది. చెప్పులు పై మెట్టు మీద రెండూ పక్కపక్కన ఉన్నాయి. లంక పిల్లలకు ఈత వస్తుంది కదా అని అందరూ అన్నారు. ఆ పిల్లకీ వచ్చు. కానీ కాలవకి నీళ్ళు వదిలి ఎనిమిది రోజులైంది, మెట్ల మీద పాచి ఉంది. తలకి వెనక దెబ్బ తగిలిందని డాక్టరు రాశాడు. పదకొండూ నలభైకి లాకుల దగ్గర దొరికింది.

మర్నాడు విచారణకి ఒక అధికారి వచ్చాడు. మంచివాడే. నా గదిలో కూర్చుని, టీ తాగకుండా పక్కన పెట్టి అడిగాడు.

"పిల్ల బడికి వచ్చిందా అండి?"

"రిజిస్టరు ప్రకారం రాలేదండి."

ఆయన రాసుకున్నాడు. అటెండరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను అతని వైపు చూడలేదు. రిజిస్టరు మటుకు ఆయన ముందుకు జరిపాను. ముప్ఫై ఎనిమిది పేర్లు, ఎక్కడా కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. ఆయన మెచ్చుకున్నట్టు తల ఊపాడు. బడికి రాని పిల్ల, బడి ఆవరణకి బయట, ప్రమాదవశాత్తు. ఆ కాగితం అక్కడితో ముగిసింది.

వాళ్ళమ్మ జూలై ఇరవై ఐదు, సోమవారం మధ్యాహ్నం మూడున్నరకి వచ్చింది. భర్త వేటకి వెళ్ళేవాడు, ఆమె ఎండు చేపల పని చేసేది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడంగారూ, ఒక్క మాట రాసిస్తారా అండి?"

"ఏం రాయాలమ్మా?"

"మా పిల్ల ఆ రోజు బడికి వచ్చిందని."

ఆమే చెప్పింది.

"బడి ఎగ్గొట్టి ఈతకి దిగిందంటున్నారండి. లంకంతా అదే మాట. నిన్న చర్చిలో సండే స్కూలు పిల్లలకి కూడా చెప్పారంట, మీరు అట్టా చెయ్యబాకండర్రా అని. మా చిన్నది ఇంటికొచ్చి అడుగుతా ఉంది, అక్క అబద్ధమాడి పోయిందా అమ్మా అని. నాకింకేం వద్దండి. ఎవర్నీ ఏమీ అడగను. ఆ ఒక్క మాట రాసియ్యండి, పాస్టరుగారికి చూపిస్తాను. సంచి గేటు కాడే ఉందంట కదండీ."

"సంచి గేటు బయట ఉందమ్మా. బయట ఉంటే హాజరు కింద రాదు. రిజిస్టరు ఒకసారి మూశాక నేను దిద్దకూడదు."

"దిద్దొద్దండి. వేరే కాగితం మీద రాయండి."

"రిజిస్టరులో లేనిది కాగితం మీద ఎలా రాస్తాను?"

ఆమె కాసేపు నా బల్ల మీద రిజిస్టర్ల దొంతర వైపు చూసింది. "అట్టాగేనండి" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. నమస్కారం ఎందుకు పెట్టిందో ఇప్పటికీ తెలియదు. ఆ వేళ నేను మూడు పంక్తుల వేతన వివరాల ఉత్తరమొకటి నాలుగుసార్లు తప్పు రాశాను.

మర్నాడే ఆ సొంత లైను తీసేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు. మరుసటి మే నెలాఖరున రిటైరయ్యాను. సన్మానంలో నా సమయపాలన గురించి ఐదుగురు మాట్లాడారు.

ముసాయిదా చదివిన రోజు ముందుగా బడికి ఫోన్ చేశాను. ఆ ఏటి హాజరు రిజిస్టరు చూడాలన్నాను. అవతల ఉన్న టీచరమ్మ చిన్నది, మర్యాదగా మాట్లాడింది. ఆ గది కురిసి పాత పుస్తకాలన్నీ ముద్దయిపోయాయనీ, నాలుగేళ్ళ కిందటే తీసేశామనీ చెప్పింది. దిద్దడానికి కూడా ఇక ఏమీ లేదు. దిద్దకూడదని అంత గట్టిగా పట్టుకున్న పుస్తకాన్ని వాన పట్టుకుపోయింది.

తర్వాత అటెండరుకి చేశాను. అతను మోపిదేవిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ పిల్ల వాళ్ళమ్మ ఎక్కడుందో అతనికి తెలుసు. గుడివాడలో ఒక టిఫిను హోటల్లో పిండి రుబ్బే పని చేస్తోందట. భర్త పోయాడు, చిన్నమ్మాయి నర్సింగు చదువుతోంది. లంకలో ఆ మాటలు పడలేక మరుసటి ఏడే ఊరు విడిచారట.

"నేను వెళ్ళి చెప్దామనుకుంటున్నాను" అన్నాను.

"ఏమనండి?"

"జరిగింది."

"మీరు ఆ రోజు 'మరి' అన్నారండి. తీయొద్దని అనలేదు. నాకు అనుమానం వచ్చి మళ్ళీ అడుగుదామనుకున్నా. మీరంటే భయం కదండీ" అన్నాడు. ఆ తర్వాత చిన్నగా నవ్వబోయి మానేశాడు. "గేటు తీసి, మీ చేత తిట్లు తిన్నా అయిపోయేది. ఐదేళ్ళు తిన్నాను కదా, ఇంకోటి ఎంతని."

నవంబరు పద్దెనిమిది, మంగళవారం ఉదయం పదకొండుకి ముసాయిదా మీద సూచనలు వినడానికి బందరులోనే ఒక హాల్లో సమావేశం. నలభై మందిదాకా వచ్చారు. కెమెరాల ఖర్చు ఎవరు పెట్టుకోవాలని చాలామంది మాట్లాడారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలన్నారు. నా వంతు పన్నెండూ పదికి వచ్చింది. చేతిలో రెండు పేజీల కాగితం, దానికి నకలు ఒకటి ఉన్నాయి. చదవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల పరుగెత్తి వచ్చిన దగ్గరికి వచ్చేసరికి బల్ల వెనక కూర్చున్నాయన మెల్లగా అడ్డుపడ్డాడు.

"అమ్మా, బాధాకరమేనండి. కానీ సూచన ఏమిటో చెప్పండి చాలు. టైము తక్కువగా ఉంది."

టైము తక్కువగా ఉందని మా బళ్ళో కొన్ని వందల మందికి నేనూ చెప్పాను. ఆయన మీద నాకు కోపం రాలేదు.

"ఎంత ఆలస్యంగా వచ్చినా పిల్లని వెంటనే గేటు లోపలికి తీసుకోవాలి. గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డ నిమిషం నుంచీ ఆ పిల్ల బడి పిల్లే. ఆ ముక్క చట్టంలో ఉండాలి" అన్నాను. "ఇంకొకటి. ఇది సూచన కాదు. ఆ పిల్ల తొమ్మిదీ పదిహేడుకి వచ్చింది. వచ్చిందని తెలిసి గేటు తీయించనిదాన్ని నేను. ఆబ్సెంటు వేసిందీ నేనే."

ఆయన పక్కనున్న అమ్మాయి కంప్యూటరులో కొట్టింది. ఏం కొట్టావో చదవమన్నాను. ఆ అమ్మాయి ఇబ్బందిగా చదివింది: "ఆలస్యంగా వచ్చిన విద్యార్థులను లోనికి అనుమతించాలని విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు సూచించారు." ఇంకేముందని అడిగితే ఇంకేమీ లేదంది. నా కాగితం వాళ్ళకిచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకుని, తేదీ, సంతకం సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని బయటికి వచ్చాను.

గురువారం పొద్దున్న రైల్లో గుడివాడ వెళ్ళాను. హోటలు వెనక వైపు షెడ్డులో రెండు గ్రైండర్లు తిరుగుతున్నాయి. ఆమె ఒకదాని ముందు పీట మీద కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. నేనెవరో చెప్పబోయేలోగానే లేచి నిలబడింది.

"మేడంగారా. ఇంత దూరం వచ్చారేందండి? కూర్చోండి."

ఈసారి నేను కూర్చోలేదు. గ్రైండరు ఆపమని అడిగాను. ఆపింది. చెప్పాను. పంటు, అటెండరు, తొమ్మిదీ పదిహేడు, నేనన్న మాట, అధికారికి చెప్పిన జవాబు, ఆమెకు చెప్పిన జవాబు, అన్నీ వరస తప్పకుండా. చెప్తున్నంతసేపూ ఆమె పిండి అంటిన చేతులు ముందుకు చాపుకుని, చీరకి తగలకుండా నిలబడి ఉంది.

"అంటే మీకు ఆ రోజే తెలుసు" అంది.

"తెలుసు."

"నేనొచ్చి అడిగిన రోజు కూడా తెలుసు."

"తెలుసమ్మా."

ఆమె గోడ వైపు తిరిగింది. హోటలు లోపలి నుంచి ఎవరో "అత్తా, పిండి అయిందా?" అని అరిచారు. తర్వాత నా వైపు తిరక్కుండానే అడిగింది.

"గేటు కాడ ఏమన్నా అందా అండి?"

"పంటు లేటయిందని నాకు చెప్పమంది."

"చెప్పిందన్నమాట." ఆమె నా వైపు తిరిగింది. "నేను దాన్ని మనసులో తిట్టుకున్నానండి. తొమ్మిదేళ్ళు. జనం అన్నారని కాదు. నాకూ అనుమానమే. సంచి అక్కడ పడేసి ఈతకి పోయిందేమోనని. కన్నదాన్ని నేనే నమ్మలేదు."

ఇది నేను ఊహించలేదు. లంక జనం ఏమన్నారో, చర్చిలో ఏమన్నారో లెక్క వేసుకున్నాను. నేను రాయని ఆ ఒక్క మాట తల్లికీ బిడ్డకీ మధ్య ఇన్నేళ్ళు నిలబడి ఉంటుందని నా లెక్కలో లేదు. కాగితం తీసి చూపించాను.

"ఇది రిజిస్టరా అండి?"

"కాదమ్మా. రిజిస్టరు పోయింది. ఇది నేను రాసిచ్చిన కాగితం. ముద్ర ఉంది."

"అయితే ఆ ఆబ్సెంటు ఇంక పోదు."

"పోదు."

"చదవండి."

చదివాను. తొమ్మిది గంటల పదిహేను కాదు, ఇరవై కాదు, పదిహేడు నిమిషాలకు బడికి వచ్చింది అన్న లైను దగ్గర ఆపమంది. మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివాను. మూడోసారి పూర్తి చేసేదాకా ఆమె నన్నే చూసింది.

"ఆ అరలో డబ్బా పక్కన కవరుంది. అందులో పెట్టండి. నా చేతులు బాగోలేవు. తడవకుండా మూత మడవండి. సాయంత్రం చిన్నదొస్తే దాని చేత చదివించుకుంటాను."

కవరు తీశాను. పాత బట్టల షాపు కవరు. లోపల ఆధార్ కార్డులు, ఒక ఫోటో, గులాబీ రంగు ప్రోగ్రెస్ కార్డు ఉన్నాయి. కార్డు తెరిచే ఉంది. ఏడో తరగతిది. హాజరు గడిలో, పని దినాల కింద, వచ్చిన దినాలు. రెండు అంకెల మధ్య తేడా నాలుగు. దాని కింద ఎర్ర సిరాతో ఒక లైను, సంతకం, తేదీ. పదకొండో ఏట నుంచి మారని రాత. ఒక్క చూపులో గుర్తుపట్టాను.

లైను చదవడానికి కళ్ళజోడు సరిచేసుకుంటుంటే ఆమె గ్రైండరు స్విచ్చి వేసింది. ఆ చప్పుడులో కాస్త గట్టిగా చెప్పింది.

"క్రమం తప్పకుండా వస్తుంది అని రాసుంది మేడంగారూ. నాకది నోటికొచ్చు. అదీ మీ రాతే కదండీ."